మంచుకొండ దాకా వెళ్లి గ్యాస్ కట్టేసొచ్చిన మనిషి

మురళీకృష్ణ గారికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కడికి బయల్దేరినా సగం దారిలో టక్కున ఆగిపోయి, "కమలా, గ్యాస్ కట్టేశామా?" అనేవారు. అని ఊరుకుంటే జాగ్రత్తపరుడు పోనీలే అని సర్దుకుపోవచ్చు. ఈయన అని వెనక్కి తిరిగేవారు. బస్సయితే దిగిపోయేవారు, రైలయితే తర్వాతి స్టేషన్లో దిగిపోయేవారు, ఆటో అయితే డ్రైవర్ భుజం తట్టి "తిప్పు నాయనా" అనేవారు.

అశోక్‌నగర్‌లో వాళ్ల సందులో మురళీకృష్ణలు ముగ్గురు ఉండేవారు. ఒకాయన పళ్ల డాక్టరు, ఇంకొకాయన సర్కారు ఉద్యోగాల పరీక్షలకి కోచింగ్ ఇచ్చే మేష్టారు. మూడో ఆయన గ్యాస్ మురళీకృష్ణ. శుభలేఖ మీద ఆ పేరుతోనే రాసి ఇచ్చిన మహానుభావులు కూడా ఉన్నారు. ఆయన ఏమీ అనుకోకుండా శుభలేఖ కళ్లకద్దుకుని "తప్పకుండా వస్తాం" అనేవారు. పిలిచినవాళ్లు గుమ్మం దాటగానే భోజనాల్లో రెండు ఆకులు తగ్గించేసుకునేవారు.

చిక్కడపల్లి ఆటో స్టాండులో ఆయన కనబడితే చాలు, రాజేశం బీడీ ఆర్పేసి నవ్వేవాడు.

"యాడికి సారూ?"

"కాచిగూడ స్టేషన్."

"పోవుడేనా, పోయి ఒచ్చుడా?"

"వెళ్లడమేనయ్యా! తిరుపతి వెళ్తున్నాం."

"మంచిది. నేను స్టేషన్ బయటనే ఉంట. జర జల్ది ఒచ్చేయిన్రి."

అంత అవమానం జరిగాక మనిషన్నవాడికి పౌరుషం రావాలి. ఆయనకి గ్యాస్ గుర్తొచ్చేది. ఆ వేళ ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లం విప్పుతూ గుర్తొచ్చింది. రాజేశం ఆటో అక్కడే ఉంది.

తిరిగొచ్చాక తంతు ఎప్పుడూ ఒకటే. కమలాకుమారిని మెట్ల దగ్గర ఆపేసి, తాను తలుపు తీసి, ముక్కు పైకెత్తి వాసన చూసుకుంటూ వంటింట్లోకి వెళ్లేవారు. రెగ్యులేటర్ని తడిమి చూసి, సందంతా వినిపించేట్టు, "కట్టేసే ఉంది! హమ్మయ్య! ఇక ముట్టించు కమలా, కాఫీ పెట్టుకుందాం" అని కేక పెట్టేవారు. అన్నేళ్ల కాపురంలో ఒక్కసారంటే ఒక్కసారి ఆ గ్యాస్ తెరిచి ఉన్న పాపాన పోలేదు.

ఉద్యోగం వల్ల అలా అయ్యారని జనం అనుకునేవారు. ఆయన బీమా కంపెనీలో క్లెయిములు చూసేవారు. కాలిపోయిన కొట్లు, పేలిపోయిన వంటిళ్లు చూసీచూసీ బుర్ర చెడిందని పాపం కమలాకుమారి కూడా అదే నమ్మింది. పక్కిళ్లవాళ్లందరికీ రెండేసి సిలిండర్లుంటే వాళ్లకి ఒకటే ఉండేది. "రెండోది తెండి, అయిపోయినప్పుడల్లా పక్కింటి మీద పడుతున్నాం" అని ఆవిడ మొత్తుకుంటే, "ఒక్క బండకే నా ప్రాణం ఇలా ఉంది, రెండోది తెస్తే నేనిక వీధి గుమ్మం దాటను" అని చేతులు జోడించేవారు.

కమలాకుమారి జబ్బు కూడా చెప్పాలి, లేకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టవుతుంది. "నా వల్ల కాదు" అన్న మాట ఆవిడ నోట వచ్చేది కాదు. కాలు బెణికినా "నాకేం?" జ్వరం కాల్చేస్తున్నా "నాకేం, బానే ఉన్నాను." మనసు బాగాలేదని చెప్పడం అయితే ఆవిడ దృష్టిలో నలుగురిలో కొంగు జారినంత సిగ్గుచేటు.

ఒకసారి సినిమాకి వెళ్లారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఇంటికి కూతవేటు దూరం. కథ మంచి పట్టులో ఉంది, హంతకుడెవరో పోలీసు చెప్పబోతున్నాడు. "కమలా, గ్యాస్..." అని ఈయన లేచారు. ఆ హంతకుడెవరో ఆవిడకి ఈ రోజుకీ తెలియదు.

ఇంకోసారి విజయవాడలో ఆవిడ తమ్ముడి కూతురి పెళ్లి. తమ్ముడు అందరిళ్లకీ వచ్చి బొట్టు పెట్టి పిలిచాడు, ఈవిడని మాత్రం ఫోన్లో, అదీ ముహూర్తం ముందు రోజు పిలిచాడు. "పిల్ల ఏం చేసింది పాపం, వెళ్లకపోతే బావుండదు" అని పట్టుచీర కట్టుకుని బస్సెక్కింది. సూర్యాపేటలో బస్సు టీకి ఆగింది. ఆగినప్పటి నుంచి ఆవిడ కిటికీలోంచి వచ్చిన దారి వైపే చూస్తూ కూర్చుంది. ఈయన టీ గ్లాసుతో వచ్చి గ్యాస్ సంగతి అడిగారు. సామానుతో సహా దిగి, ఎదురు బస్సెక్కి ఇంటికొచ్చేశారు. పెళ్లిలో అందరూ "బావగారి గ్యాస్ మళ్లీ లీకైందా!" అని విరగబడి నవ్వారట. ఆవిడ ఎందుకు రాలేదని ఒక్కరూ అడగలేదట.

ఇక అడిక్‌మెట్ బారసాల సంగతి కుటుంబంలో పాఠంలా చెప్పుకునేవారు. ఆయన తమ్ముడికి కొడుకు పుట్టాడు, ఫణికిరణ్. అశోక్‌నగర్ నుంచి అడిక్‌మెట్ ఎంత దూరం? బయట వేసిన షామియానా కనిపిస్తోంది, సన్నాయి వినిపిస్తోంది. అప్పటికి కమలాకుమారి కడుపులో బిడ్డను పోగొట్టుకుని ఆస్పత్రి నుంచి వచ్చి నెల కూడా కాలేదు. అయినా వెండి గిన్నె చేత్తో పట్టుకుని "నాకేం, పదండి" అంది. షామియానా ముందు రిక్షా ఆగబోతుంటే, "కమలా, గ్యాస్ కట్టేశామా?" అన్నారు ఆయన. తమ్ముడు ఏడాదిపాటు మాట్లాడలేదు. ఫణికిరణ్ పెద్దవాడయ్యాక, "మా పెదనాన్న నా బారసాల ఎగ్గొట్టి గ్యాస్ కట్టడానికి వెళ్లాడు" అని పరిచయమైన ప్రతివాడికీ చెప్పి నవ్వించేవాడు.

ఇంతకీ మంచుకొండ సంగతి. వాళ్ల వంటింట్లో, సరిగ్గా గ్యాస్ పొయ్యికి పైన, ఒక పాత క్యాలెండర్ వేలాడేది. ఏ కాలానిదో. తేదీలకి పని తీరిపోయినా బొమ్మ కోసం కమలాకుమారి దాన్ని పారెయ్యనివ్వలేదు. ఆకాశంలోకి లేచిన కొండ, దాని ఒళ్లంతా మంచు, రెండు శిఖరాల మధ్య నుంచి నది దిగుతూ దిగుతూ అలాగే గడ్డకట్టి నిలబడిపోయినట్టు ఉండేది. ఏళ్ల తరబడి పోపుల పొగ తగిలి ఆ మంచు కాస్తా పెసరట్టు రంగుకొచ్చింది. ఆవిడ కంటికి మాత్రం తెల్లగానే కనబడేది. కింద చిన్న అక్షరాల్లో హిమాచల్‌లో ఏదో ఊరి పేరు. "చచ్చేలోగా ఒక్కసారి ఆ కొండని ఎదురుగా చూడాలండీ" అంది ఒకనాడు చారులోకి తాలింపు వేస్తూ. ఆవిడ నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే. ఆయన రిటైరయ్యాక, "కార్లో వెళ్దాం, మెల్లిగా, ఆగుతూ ఆగుతూ" అన్నారు.

కింద వాటాలో ఉండే కిషన్ రావు విని పడీపడీ నవ్వాడు. "కారైతే మంచిదే సార్. వాపస్ తిరుగుడు అల్కగ అయితది. నాగపూర్ దాటితే నేను మీసం తీసేస్త."

కమలాకుమారి మాత్రం భర్త చేత తన నెత్తి మీద చెయ్యి పెట్టించి, మధ్యలో వెనక్కి తిప్పనని ఒట్టు వేయించుకుంది. బయల్దేరే రోజు పొద్దున్నే ఆవిడ కార్లో కూర్చుంటే, తాళం వేసొస్తానని పైకి వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. హారన్ మీద హారన్ కొట్టాక చెమటలు తుడుచుకుంటూ దిగారు.

"తాళం వెయ్యడానికి ఇంతసేపా?"

"ఈసారి గ్యాస్ సంగతి నువ్వు మర్చిపో. అసలు అనుమానానికి తావు లేకుండా చేసొచ్చాను" అని బండి స్టార్ట్ చేశారు.

మేడ్చల్ దాటింది. ఆవిడ ఓరకంట చూసింది. ఆయన ఈల వేస్తున్నారు. నిర్మల్ దాటింది, ఆదిలాబాద్ దాటింది. ఉండబట్టలేక ఆవిడే "గ్యాస్..." అని కదిపింది. "అబ్బ, ఎప్పుడూ గ్యాస్ గోలేనా నీకు" అని కసిరారు ఆయన! నాగపూర్‌లో ఆగి కిషన్ రావుకి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, నాగపూర్ నుంచి."

"వాపస్ ఒస్తున్రా?"

"లేదండీ. ఇంకా ముందుకే వెళ్తున్నాం."

"సారుకు పానం మంచిగుందా అమ్మా?" అన్నాడు కిషన్ రావు నిజంగానే భయపడి.

ఆ ప్రయాణంలో వాళ్లిద్దరూ కొత్త పెళ్లివాళ్లయ్యారు. ఆగ్రాలో పేటా తిన్నారు, చండీగఢ్‌లో దారి తప్పి పోట్లాడుకున్నారు. మనాలీలో ఆయన ఆవిడకి ఎర్ర ఉన్ని చేతితొడుగులు కొని, నడిబజార్లో తనే తొడిగారు. "ఛ, ఎవరైనా చూస్తారు" అని ఆవిడ సిగ్గుపడింది. మనాలీ దాటి, కొండ కింది పొడుగాటి సొరంగం దాటి, ఇంకా పైకి వెళ్లారు. ఒక రేకుల కొట్టు దగ్గర టీకి ఆగారు. అంగడామె వీళ్లు ఫోన్లో తీసుకొచ్చిన క్యాలెండర్ ఫోటో చూసి, రెండు మలుపులు తిరిగితే ఎదురుగా అదేనంది.

కమలాకుమారి బల్ల మీద కూర్చుంది. నాలుగంతస్తులు ఒక్క పరుగున ఎక్కినంత ఆయాసంగా ఉంది. తల మీద ఎవరో రుబ్బురోలు పెట్టినట్టుంది.

"ఎలా ఉంది నీకు?"

"నాకేం? చలి, అంతే."

ఆయన ఆవిడ తొడుగు తీసి, చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్లు చూశారు. గోళ్లు నీలం తిరిగాయి. "చల్లగా ఉన్నాయి" అన్నారు.

"మంచుకొండ దగ్గర చల్లగా కాక ఉడుకుతాయా? పదండి, రెండు మలుపులే."

ఆయన టీ పూర్తిగా తాగారు. గ్లాసు బల్ల మీద పెట్టారు. రోడ్డు వైపు చాలాసేపు చూశారు.

"కమలా, గ్యాస్ కట్టేశామా?"

ఆవిడ మొదట నవ్వింది, వేళాకోళమనుకుని. ఆయన కారు తలుపు తీసి వెనక్కి తిప్పుతుంటే అర్థమైంది. "ఏవండీ! మీకేమైనా పిచ్చా? ఇల్లు కాలితే కాలనివ్వండి! రెండు మలుపులండీ, మీ కాళ్లు పట్టుకుంటాను!" ఆయన వినలేదు. మనాలీ దాకా ఏడుస్తూనే ఉంది. కిందికి దిగుతున్నకొద్దీ ఊపిరి సులువైన సంగతి ఆ కోపంలో ఆవిడ గమనించనే లేదు. "నా బతుక్కి ఒక్క కోరిక కోరాను. దాన్ని కూడా మీ గ్యాస్ బండకి బలిచ్చారు" అంది. ఆ తర్వాత హైదరాబాద్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికి రాగానే ఆయన ఆవిడని కిషన్ రావు ఇంట్లో కాఫీకి కూర్చోబెట్టి, "లీకై ఉంటుంది, నువ్వు రాకు" అని పైకి పరుగెత్తారు. కొంతసేపటికి పైనుంచి కేక వినబడింది: "కట్టేసే ఉంది! హమ్మయ్య!"

కిషన్ రావు నవ్వలేక కుర్చీలోంచి జారాడు. మీసం తియ్యకపోయినా ఎవరూ అడగలేదు. మంచుకొండ దాకా వెళ్లి గ్యాస్ కట్టేసొచ్చిన మనిషి కథ చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా పాకింది. అందరికంటే ఎక్కువగా, అందరికంటే ఘాటుగా చెప్పింది కమలాకుమారే. ఏ పెళ్లికి, పేరంటానికి వెళ్లినా చెప్పేది. ఆయన పక్కనే ఉంటే అందరికన్నా గట్టిగా నవ్వేవారు. ఆవిడ క్యాలెండర్ని గోడ మీంచి తీసి బియ్యం డబ్బా వెనక పడేసింది.

వచ్చిన వారానికే ఆయన పట్టుబట్టి నారాయణగూడలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు పరీక్షలన్నీ చూసి, "ఎత్తయిన ప్రదేశాలకి మాత్రం వెళ్లకండమ్మా. ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు.

"వెళ్లనిస్తే కదా డాక్టరుగారూ! ఈయనకి గ్యాస్!" అని ఆవిడ ఆ కథ కూడా చెప్పేసింది. డాక్టరు నవ్వాడు. మురళీకృష్ణ గారు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ చలికాలంలో ఒక పొద్దున ఆయన చిక్కడపల్లి మార్కెట్లో దొండకాయలు ఏరుతూ ఏరుతూ కూలబడిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే అంతా అయిపోయింది. ఆయాసం ఆవిడది, పోయింది ఆయన. కిషన్ రావు వరండాలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "యాడికి పోయినా వాపస్ ఒచ్చెటోడు గద సార్... యాడికి పోయినా ఒచ్చెటోడు..."

కమలాకుమారికి ఏడుపు సరిగ్గా రాలేదు. లోపల కోపం ఇంకా అలాగే ఉంది. రెండు మలుపుల కోసం తను అలిగితే, ఆ అలక తీరకముందే ఆయన వెళ్లిపోయారు. ఎందుకు చేశారలా అని ఇక ఎవర్ని అడగాలి? తను చివరిగా ఆయనతో ప్రేమగా మాట్లాడింది ఎప్పుడో ఆలోచిస్తే మనాలీ బజారే గుర్తొచ్చేది. అది గుర్తొచ్చినప్పుడల్లా అన్నం సయించేది కాదు.

కర్మలన్నీ అయిపోయి, వచ్చినవాళ్లందరూ వెళ్లాక గ్యాస్ అయిపోయింది. కొత్త బండ గుమ్మంలో దింపి వెళ్లారు. ఆవిడ వల్ల కాలేదు. కింద వాచ్‌మన్ గదిలో ఉండే బీరమ్మను పిలిచింది. బీరమ్మ, ఆమె మొగుడు మాసయ్య పాలమూరు నుంచి వచ్చినవాళ్లు. అతను ఇళ్ల కట్టుబడి పనికి పోతాడు, ఆమె నాలుగిళ్లలో పని చేస్తుంది. బీరమ్మ ఖాళీ బండ దొర్లిస్తూ నవ్వింది.

"మీ ఇంటి బండ మోసుడు మాకు అలవాటే అమ్మా. మీరు మంచుకొండకు పోయినప్పుడు మా ఇంట్లనే ఉండె గద."

"ఏ బండ?"

"మీదే. మా బిడ్డ ప్రేమ లేదా, దాని పెండ్లి ఉండె. మా ఇంట్ల గ్యాస్ ఒడిసింది. మీరు కార్ల కూసున్నంక సారు మాసయ్యను పిలిచి, వెనక మెట్ల కెల్లి మోసుకపొమ్మన్నడు."

కమలాకుమారి స్టవ్ గట్టు పట్టుకుంది. "మేం బయల్దేరిన రోజా? సరిగ్గా చెప్పు."

"ఆ రోజే అమ్మా. వద్దు సారూ అన్న నేను. ఏమన్నడో ఎరుకనా? 'బండ ఇంట్లో ఉంటే నాకు మళ్లీ అనుమానమొస్తుంది బీరమ్మా. ఈసారి మీ అమ్మగారికి ఆ కొండ చూపించి తీరాలి. బండే లేకపోతే ఇక దేన్ని కట్టేశామా అని అడుగుతాను?' అన్నడు. మీరు ఒచ్చిన్నాడు ఫోన్ చేసి మల్ల తెప్పిచ్చిండు. మీరు కిషన్ రావు సారింట్ల కాపీ తాగుతున్రు. అమ్మకు చెప్పకున్రి అన్నడు. మాకిచ్చినందుకు మీరు కోపం చేస్తరేమో అనుకున్న."

బీరమ్మ వెళ్లిపోయింది. కమలాకుమారి వంటింటి నేల మీద కూర్చుండిపోయింది. గ్యాస్ బండే లేని ఇంటికి, గ్యాస్ కట్టేయడానికి, దేశం ఆ చివర నుంచి వెనక్కి వచ్చారు ఆయన. గోళ్లు చూసి వచ్చారు. నీకు చేతకావడం లేదు, వెనక్కి పోదాం అంటే తను వినేదా? "నాకేం?" అని ఆ రెండు మలుపులూ ఎక్కేది. ఎక్కి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పనే చెప్పాడు. ఆయన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు సూర్యాపేట గుర్తొచ్చింది. ఆ తర్వాత అడిక్‌మెట్ షామియానా, చేతిలో వెండి గిన్నె. ఆ వేళ లోపలికి వెళ్లి ఆ ఉయ్యాల ముందు నిలబడితే తను ఏమైపోయేదో తనకే తెలుసు. తనకే తెలుసనుకుంది ఇన్నాళ్లూ.

"ఛీ, ఏం మనిషండీ మీరు! ఒక్క మాట చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా!" అని గోడ మీది ఫోటోని తిట్టింది. తిడుతూ తిడుతూ, అన్నాళ్లూ రాని ఏడుపు అంతా ఏడ్చింది. లేచి మొహం కడుక్కుని, బియ్యం డబ్బా వెనక నుంచి క్యాలెండర్ తీసి దులిపి, పొయ్యి పైన మళ్లీ తగిలించింది. సినిమా హాల్లోంచి వచ్చేసిన సంగతి ఎంత ఆలోచించినా ఏ కారణమూ దొరకలేదు. అది మాత్రం అచ్చంగా గ్యాస్ అనుమానమే. ఆ ఒక్కదానికి ఆవిడ ఆయన్ని క్షమించలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయన దాచిన గుట్టంతా తనదే మరి.

సంవత్సరీకం కూడా అయిపోయిన తర్వాత ఒక ఆదివారం, నారాయణగూడ అవతల ఫంక్షన్ హాల్లో బారసాల. పల్లవి అని, ఫణికిరణ్ భార్య కీర్తనకి పెదనాన్న కూతురు. ఆవిడ బిడ్డకి. ఫణికిరణ్ అడిక్‌మెట్ నుంచి వచ్చి పెద్దమ్మని ఎక్కించుకున్నాడు. వెనక సీట్లో కీర్తన కూర్చుని ఉంది, ఒళ్లో రంగు కాగితం చుట్టిన గిఫ్టు. ఆ పిల్ల కడుపు నిలవక ఆస్పత్రి నుంచి వచ్చి ఎన్నాళ్లో కాలేదు.

"నువ్వెందుకమ్మా ఇప్పుడు రావడం?"

"నాకేం, బానే ఉన్నాను పెద్దత్తయ్యా. వెళ్లకపోతే బావుండదు కదా" అని నవ్వింది కీర్తన. బొటనవేలి గోరు ఆ రంగు కాగితాన్ని గీరుతూనే ఉంది. చిక్కడపల్లి దాటేసరికి ఒక మూల చిరిగిపోయింది. కమలాకుమారి ఆ వేలి వైపే చూస్తోంది.

కారు నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కింది.

"ఒరేయ్ ఫణీ."

"ఆ, పెద్దమ్మా."

"నేను గ్యాస్ కట్టేశానంటావా?"

ఫణికిరణ్ బ్రేకు తొక్కబోయి ఆగాడు. "పెద్దమ్మా! నువ్వు కూడానా? పెదనాన్న పోయినా ఆ జబ్బు ఇంట్లోనే ఉండిపోయిందా?"

"ఉండిపోయింది. తిప్పు."

"అక్కడ అందరూ ఎదురుచూస్తున్నారు! వాళ్లకేం చెప్పను?"

"మా పెద్దమ్మకి మతి చెడిందని చెప్పు. నా పేరే చెప్పు, ఎవరూ ఏమీ అనుకోరు. తిప్పరా అంటే!"

గొణుక్కుంటూ ఫ్లైఓవర్ దిగి తిప్పాడు. కీర్తన మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కాసేపటికి ఆ పిల్ల చెయ్యి సీటు మీద తడుముకుంటూ వచ్చి కమలాకుమారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గేటు దగ్గర కిషన్ రావు పేపరు దించాడు. "ఏందమ్మా, అప్పుడే వాపస్?"

"గ్యాస్, అన్నయ్యగారూ."

కిషన్ రావు నవ్వబోయి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆయాసపడుతూ, ఆగుతూ ఆగుతూ, కీర్తన భుజం పట్టుకుని కమలాకుమారి మెట్లెక్కుతోంది. ఫణికిరణ్ ముందే పరుగెత్తి తలుపు తీసి వంటింట్లోకి వెళ్లాడు. లోపల్నుంచి విసుగ్గా వాడి కేక వినిపించింది.

"కట్టేసే ఉంది పెద్దమ్మా!"

"హమ్మయ్య!" అంది కమలాకుమారి, కీర్తన చెయ్యి వదలకుండా. "ఇక ముట్టించరా, కాఫీ పెట్టుకుందాం."